అమెరికాలో పొలం షేర్: సీఎస్‌ఏలో చేరాలనుకునే మనవాళ్ల కోసం

మాసచుసెట్స్, కనెక్టికట్, న్యూయార్క్, న్యూజెర్సీ వైపు కూరగాయల పొలాల వాళ్లు ఆ ఏడాది పంటలో షేర్లు, అంటే వాటాలు, అమ్మడం చలికాలంలోనే మొదలుపెడతారు. బయట మంచు పడుతుంటే కూరగాయల ధ్యాస ఎవరికి ఉంటుంది? మనవాళ్లలో చాలామందికి జూన్‌లో గుర్తొస్తుంది, అప్పటికి మంచి పేరున్న పొలాల్లో షేర్లు అయిపోయి వెయిటింగ్ లిస్టు నడుస్తుంటుంది. అందుకని మీరు ఇది ఏ నెలలో చదువుతున్నా సరే, ఇంటికి అరగంట దూరంలో ఏయే పొలాలున్నాయో ముందు చూసి పెట్టుకోండి. నేను రాసేది ఈ ఈశాన్య రాష్ట్రాల లెక్క. టెక్సాస్, కాలిఫోర్నియా వాళ్లకి నెలలు మారతాయి గానీ అడగాల్సిన ప్రశ్నలు అవే.

సీఎస్‌ఏ అంటే కమ్యూనిటీ సపోర్టెడ్ అగ్రికల్చర్. ఒక పొలం ఆ సీజన్‌లో పండించబోయే పంటలో మీరు ముందుగానే ఒక వాటా కొనుక్కుంటారు, జూన్ నుంచి అక్టోబరు దాకా వారం వారం ఆ వాటా తెచ్చుకుంటారు, అంతే. మన రైతుబజారులో అయితే వెళ్లి, చూసి, ఏరుకుని, ఆ పూటకి డబ్బిచ్చి వస్తాం. ఇక్కడ డబ్బు ముందు, కూర తర్వాత, ఏ కూర అన్నది పొలం ఇష్టం. ఎందుకిలా అంటే రైతుకి విత్తనాలు, గ్రీన్‌హౌస్, ట్రాక్టర్ రిపేర్లు, కూలీలు అన్నీ ఒక్క కాయ కూడా అమ్మకముందే మీద పడతాయి. అప్పు చేసి విత్తనం కొనడం, పంట చేతికొచ్చాక వడ్డీకే సగం పోవడం మన ఊళ్లలో చూడని ఇల్లు ఉండదు. ఆ అప్పు బదులు తినేవాళ్లే ముందు పెట్టుబడి పెడితే ఎలా ఉంటుంది అన్నదే దీని వెనక ఆలోచన. అమెరికాలో ఈ పేరుతో 1986లో రెండు పొలాలు మొదలయ్యాయి, ఒకటి మాసచుసెట్స్‌లో ఇండియన్ లైన్ ఫార్మ్, ఇంకొకటి న్యూ హాంప్‌షైర్‌లో టెంపుల్-విల్టన్ కమ్యూనిటీ ఫార్మ్. అంతకుముందే జపాన్‌లో ఇలాంటిది ఉంది, అలబామాలో టస్కెగీ విద్యాసంస్థ ప్రొఫెసర్ బుకర్ టి. వాట్లీ కూడా చిన్న రైతులకి ఖాతాదారులు ముందే డబ్బు కట్టి సభ్యులుగా చేరే పద్ధతి చెబుతూ వచ్చారు.

పొలాన్ని వెతకడం, వెళ్లి చూడడం

వెతకడానికి రెండు దారులు చాలు. అమెరికా వ్యవసాయ శాఖ వాళ్ల లోకల్ ఫుడ్ డైరెక్టరీలో సీఎస్‌ఏలకి విడిగా జాబితా ఉంది, లోకల్ హార్వెస్ట్ అనే సైట్‌లో జిప్ కోడ్ కొడితే చుట్టుపక్కల పొలాలు వస్తాయి. ఈ రెంటికంటే బాగా పనికొచ్చేది మీ ఊళ్లో శనివారం జరిగే ఫార్మర్స్ మార్కెట్. అక్కడ బల్ల వెనక నిలబడ్డ మనిషిని 'మీకు సీఎస్‌ఏ ఉందా' అని అడగండి. ఉంటే వాళ్ల కూరగాయలు అక్కడే కళ్లముందు ఉంటాయి, చేత్తో పట్టుకుని చూడొచ్చు.

తర్వాత ఒకసారి పొలానికి వెళ్లండి. ధర చూసి పొలాన్ని ఎంచుకోవద్దని నేను గట్టిగా చెబుతాను. ఏడాది డబ్బు ముందే ఇచ్చేస్తున్నప్పుడు ఎవరికి ఇస్తున్నామో చూడకపోతే ఎలా? సీజన్‌లో వెళ్తే అన్నీ కనిపిస్తాయి. చలికాలంలో వెళ్లినా గ్రీన్‌హౌస్ ఉందా, కూరగాయలు కడిగి సర్దే షెడ్డు శుభ్రంగా ఉందా, ఖాళీ మళ్లలో పచ్చిరొట్ట పైరు ఏదైనా వేశారా లేక నేల బోడిగా వదిలేశారా, ఇవన్నీ చూడొచ్చు. శరదృతువులో రై గడ్డి లాంటిది చల్లి మట్టి కొట్టుకుపోకుండా కాపాడుకునే రైతు దగ్గర మిగతా పనులు కూడా మామూలుగా బాగానే ఉంటాయి.

డబ్బు కట్టే ముందు అడగాల్సినవి

మొదటి ప్రశ్న: 'ఇచ్చేవన్నీ మీ పొలంలోవేనా?' కొన్ని చోట్ల నాలుగైదు పొలాలు కలిసి ఒక డబ్బా నింపుతాయి, అందులో తప్పేం లేదు, ఏది ఎక్కడిదో చెబితే చాలు. కానీ హోల్‌సేల్ మార్కెట్లో కొన్నవి అందంగా సర్ది, పొలం బొమ్మ వేసి, ఇంటికి పంపే కంపెనీలు కూడా ఇదే పేరు వాడుకుంటాయి. జూన్ నెల న్యూజెర్సీ డబ్బాలో అరటిపండ్లు, అవకాడోలు కనిపిస్తే అది పొలం షేర్ కాదు.

రెండోది మందుల సంగతి. సర్టిఫైడ్ ఆర్గానిక్ ముద్ర ఉంటే మంచిదే, కానీ ఆ కాగితాలకీ తనిఖీలకీ ఖర్చవుతుందని చాలా చిన్న పొలాలు దాని జోలికి పోవు. కొందరు సర్టిఫైడ్ నేచురల్లీ గ్రోన్ అనే ఇంకో ముద్ర తీసుకుంటారు. ఆర్గానిక్ అంటే మందే కొట్టరని కూడా కాదు, అనుమతి ఉన్నవి కొన్ని కొడతారు. కాబట్టి 'ఆర్గానికేనా' అని అడిగి ఊరుకోకుండా 'పోయినేడు టమాటాకి ఏం కొట్టారు, వంకాయ మీద పెంకు పురుగు వస్తే ఏం చేస్తారు' అని అడగండి. పని తెలిసిన రైతు ఈ ప్రశ్నకి సంతోషంగా పావుగంట మాట్లాడతారు.

మూడోది షేర్ ఎంత ఉంటుంది. పొలాన్నిబట్టి మారుతుంది గానీ ఇరవై వారాల సీజన్‌కి చిన్న షేర్ 400 డాలర్ల చుట్టూ, పెద్దది 600 నుంచి 900 మధ్య ఉండడం మామూలు. సైజుని బుషెల్ లెక్కలో చెబుతారు, ఒక బుషెల్ అంటే సుమారు 35 లీటర్లు పట్టే డబ్బా, పెద్ద షేర్ అందులో ముప్పాతిక వరకూ ఉండొచ్చు. మన ఇళ్లల్లో రోజూ వండుకుంటాం కాబట్టి నలుగురున్న ఇంటికి పెద్దదే సరిపోతుందనిపిస్తుంది, కానీ మొదటి ఏడాది చిన్నదే తీసుకోండి. ఎందుకంటే సీజన్‌లో సగం ఆకులే, పైగా మన ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకు, బెండకాయ, దొండకాయ కోసం ఇండియన్ స్టోర్‌కి ఎలాగూ వెళ్తారు. పెద్ద షేర్ తీసుకుని పక్కింటివాళ్లతో పంచుకునేట్టయితే, ఒక వారం మీరు ఒక వారం వాళ్లు తెచ్చుకోండి. ప్రతి వారం ఒకే డబ్బాని రెండుగా పంచబోతే మూడు వంకాయల దగ్గర, ఒక్క క్యాబేజీ దగ్గర ఇబ్బంది వస్తుంది.

డబ్బాలో ముందే సర్ది ఇస్తారా, లేక బల్లల మీద పెట్టి 'వీటిలో ఆరు రకాలు తీసుకోండి' అంటారా అన్నది కూడా అడగండి. మనకి రెండో పద్ధతి ఎంతో మేలు, సలాడ్ ఆకు వదిలేసి ఇంకో కట్ట పాలకూర తెచ్చుకోవచ్చు. కొన్ని పొలాల్లో ఎవరికి వాళ్లే కోసుకునే మళ్లు కూడా ఉంటాయి. చిన్న టమాటాలు, బీన్స్, మిరపకాయలు, కొత్తిమీర, పూలు అలా కోసుకోవచ్చు. పిల్లలున్నవాళ్లు ఇలాంటి పొలం దొరికితే ఇంకో పదిహేను నిమిషాలు డ్రైవ్ ఎక్కువైనా వదలొద్దు.

ఇక మనవాళ్లు తప్పకుండా అడగాల్సింది ఇండియా ట్రిప్ గురించి. పిల్లలకి సెలవులిచ్చేది జూన్ చివర్లో, మనం వెళ్లేది జూలై, ఆగస్టుల్లో. సరిగ్గా పంట బాగా వచ్చే వారాలే అవి! కొన్ని పొలాలు రెండు వారాలు ఆపి తర్వాత రెండింతలు ఇస్తాయి, కొన్ని చోట్ల అలా కుదరదు, మీ బదులు ఎవరినైనా పంపుకోవాలి, ఎవరూ రాకపోతే పేదలకి ఉచితంగా సరుకులిచ్చే ఫుడ్ ప్యాంట్రీకి ఇచ్చేస్తారు. ఐదారు వారాలు ఊళ్లో ఉండకపోతే మామూలు షేర్ మీకు నష్టమే. అలాంటప్పుడు సెప్టెంబరు నుంచి నవంబరు దాకా ఇచ్చే ఫాల్ షేర్ గానీ, డబ్బు ముందు జమచేసి వెళ్లినప్పుడల్లా కావాల్సినంత తెచ్చుకునే కార్డు పద్ధతి గానీ ఉందేమో కనుక్కోండి, ఈమధ్య చాలా పొలాలు ఈ రెండూ పెడుతున్నాయి.

ఒకేసారి అంత కట్టలేకపోతే సిగ్గుపడక్కర్లేదు, నాలుగు వాయిదాల్లో తీసుకునే వాళ్లున్నారు, తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి తిండి ఖర్చుకి ప్రభుత్వం ఇచ్చే స్నాప్ కార్డు తీసుకునే పొలాలూ ఉన్నాయి. వర్క్ షేర్ అని ఇంకొకటి ఉంటుంది, వారానికి కొన్ని గంటలు పొలంలో పనిచేస్తే షేర్ డబ్బు తగ్గిస్తారు లేదా పూర్తిగా మాఫీ చేస్తారు. ఇక్కడ మాత్రం జాగ్రత్త. ఎఫ్-1 మీద చదువుకుంటున్న పిల్లలు, వర్క్ పర్మిట్ లేని హెచ్-4 వాళ్లు, హెచ్-1బీ వాళ్లు కూడా, దీనికి ఒప్పుకునే ముందు లాయర్‌ని గానీ కాలేజీ ఇంటర్నేషనల్ ఆఫీసుని గానీ అడగండి. చేతికి డబ్బు రాకపోయినా పనికి బదులుగా కూరగాయలు తీసుకోవడం అనుమతి లేని ఉద్యోగంగా లెక్కకి రావచ్చు. కొన్ని వందల డాలర్ల కోసం వీసా టెన్షన్ తెచ్చుకోవడం దేనికి, డబ్బు కట్టి చేరండి.

పంట పోతే?

డబ్బు తిరిగి రాదు. మామూలుగా అందరూ సంతకం చేసే కాగితంలో ఈ ముక్క ఉంటుంది, చదివే చేయండి. 2023 మే 18 తెల్లవారుజామున ఈశాన్యమంతా మంచు పట్టి ఆపిల్ పూత చాలా చోట్ల మాడిపోయింది. అదే ఏడు జూలైలో వెర్మాంట్‌లో, పశ్చిమ మాసచుసెట్స్‌లో నదులు పొంగి పొలాలు మునిగాయి, బర్లింగ్టన్ దగ్గర ఇంటర్‌వేల్‌లోని పొలాల్లో నిలబడ్డ పంట నిలబడ్డట్టే పోయింది. వరద నీళ్లు తగిలిన కూరగాయ చూడటానికి బాగున్నా అమ్మకూడదని ఇక్కడి నిబంధన, ఆ నీళ్లలో మురుగు, రసాయనాలు అన్నీ ఉంటాయి కాబట్టి. ఆ రైతులకి ముందే చేరిన షేర్ డబ్బే ఆ నెలలు గడిపింది. సభ్యులకి డబ్బా చిన్నదైంది. ఈ రెండు వాక్యాలూ చదివాక మీ మనసు 'సరే' అంటేనే చేరండి, లేకపోతే శనివారం మార్కెట్లో కొనుక్కోండి, అది కూడా రైతుకి మేలే.

అయినా ఒక్క పంట పోవడం వేరు, పొలం మొత్తం పోవడం వేరు. ముప్పై నలభై రకాలు వేసే పొలంలో వానలు ఎక్కువై టమాటాకి తెగులు వచ్చినా ఆకుకూరలు, క్యాబేజీ దండిగా వస్తాయి. అందుకే 'ఎన్ని రకాలు వేస్తారు, పోయినేడు ఏం పోయింది, అప్పుడు సభ్యులకి ఏం ఇచ్చారు' అని అడగడం మర్చిపోవద్దు. రైతు నిజాయితీ ఎంతో ఈ ఒక్క జవాబులో తెలిసిపోతుంది.

ఇంటికి తెచ్చాక

షేర్ ఇచ్చే రోజు, వేళ ఒకటే ఉంటాయి, వారం మధ్యలో సాయంత్రం మూడు నుంచి ఏడు దాకా అన్నట్టు. సంచులు మీరే తీసుకెళ్లాలి. తెచ్చిన సాయంత్రం ఒక అరగంట వంటింట్లో దీనికి పెట్టుకోకపోతే, షేర్ తీసుకున్నందుకు మీరే బాధపడతారు. ముందు ముల్లంగి, బీట్‌రూట్, క్యారెట్ల ఆకులు దుంప దగ్గర కోసేయండి, ఆకు దుంపలోని నీళ్లు లాగేస్తుంది, మూడు రోజుల్లో దుంప మెత్తబడిపోతుంది. ఆకు పారేయకండి, అది ఇంకో కూర. ఆకుకూరలు రెండుసార్లు నీళ్లలో ముంచి తీసి, బాగా ఆరనిచ్చి, పాత నూలు గుడ్డలో చుట్టి కవర్లో పెడితే వారం ఉంటాయి. తడి ఉంటే కుళ్లుతుంది, పూర్తిగా ఎండితే వాడుతుంది, ఆ గుడ్డ చేసే పని అదే. టమాటాలు ఫ్రిజ్‌లో వద్దు.

వండడం దగ్గర మనకున్న వీలు ఇక్కడివాళ్లకి లేదనే చెబుతాను. కొత్త కూర ఏది వచ్చినా పప్పులో వేయొచ్చు, వేపుడు చేయొచ్చు, పచ్చడి నూరొచ్చు, పులుసు పెట్టొచ్చు. ఈ నాలుగు దారుల్లో ఒకటి దానికి తప్పకుండా కుదురుతుంది. స్విస్ చార్డ్ అచ్చం పాలకూరలా ఉడుకుతుంది, దాని లావు కాడలు పారేయకుండా తోటకూర కాడల్లా పులుసులో వేయండి. కేల్ మొండిది, మధ్య ఈనె తీసేసి సన్నగా తరిగి కందిపప్పుతో ఇంకో విజిల్ ఎక్కువ రానిచ్చి చింతపండు కాస్త గట్టిగా పోస్తే పిల్లలు కూడా తింటారు, లేదంటే వేపుడు చేసి దించేముందు నువ్వుల పొడి చల్లండి. ముల్లంగి ఆకు పెసరపప్పుతో బాగుంటుంది. కోల్‌రాబీ అని ఇచ్చేది మన నూల్‌కోల్, సాంబార్లో వేసేయండి.

జూన్ చివర్లో రెండు మూడు వారాలు మాత్రమే వెల్లుల్లి కాడలు వస్తాయి, చుట్టలు తిరిగి, ఆకుపచ్చగా, విరిస్తే టక్కుమంటాయి. సగం మంది వాటిని ఏం చేయాలో తెలియక మార్పిడి డబ్బాలో వదిలేస్తారు. ఆ డబ్బా సంగతి చెప్పలేదు కదా, వద్దనుకున్నది అందులో పెట్టి, వేరొకరు వదిలింది తీసుకోవచ్చు. అక్కడున్న కాడలన్నీ మీరు తెచ్చుకుని, ముక్కలు చేసి నూనెలో మగ్గనిచ్చి, ఎండుమిర్చి, చింతపండు, కాస్త బెల్లంతో పచ్చడి నూరండి, వేడన్నంలోకి ఇంకేం అక్కర్లేదు.

జూలైలో జుకినీ విరగకాస్తుంది, ప్రతి వారం మూడు నాలుగు, మొయ్యలేనంత. లేతవి బీరకాయ పచ్చడి లాగా, పచ్చిమిర్చి నువ్వులతో. ముదిరి మోచేయంత అయినవి చెక్కు తీసి, లోపలి దూది తీసేసి, సొరకాయలా పాలు పోసి వండొచ్చు, తురిమి రవ్వదోశ పిండిలో కలపొచ్చు. ఉప్పు మాత్రం చివర్లో వేయండి, ముందే వేస్తే నీళ్లు వదిలేసి ముద్దయిపోతుంది. సెప్టెంబరు దాటాక వచ్చే బటర్‌నట్ స్క్వాష్ మన తీపి గుమ్మడి బంధువే, దప్పళానికి చక్కగా సరిపోతుంది. చెక్కు గట్టిగా ఉంటుంది కాబట్టి నాలుగు చోట్ల కత్తితో పొడిచి మైక్రోవేవ్‌లో రెండు నిమిషాలు పెట్టి అప్పుడు చెక్కు తీయండి. మొదటి గట్టి మంచు పడబోయే ముందు మొక్కల మీద ఇంకా పండని టమాటాలు కుప్పలుగా ఉంటాయి, అడిగితే చాలా మంది రైతులు సంచి నింపుకోమంటారు. పచ్చి టమాటా పచ్చడికి అంతకంటే మంచి సరుకు ఈ దేశంలో ఏ దుకాణంలోనూ దొరకదు.

ఇంకొకటి. పొలానికి వెళ్లినప్పుడు సాళ్ల మధ్య కింద నేల మీద చూడండి. లావుగా, ఎర్రటి కాడలతో, చిన్న చిన్న దళసరి ఆకులతో నేల మీద పాకుతూ ఒక మొక్క ఉంటుంది. అది మన గంగవావిలి కూర, కొన్ని వైపుల పాయలకూర అంటారు. ఇక్కడ దాన్ని కలుపని పీకి పారేస్తారు. రైతుని అడిగి, మందు కొట్టని మడి అని రూఢి చేసుకుని కోసుకోండి, పప్పులో దాని పులుపు, జిగురు తెలుసు కదా. దీనిలాగే పాకే ఇంకో మొక్క ఉంది, స్పర్జ్ అంటారు, అది విషం. కాడ విరిస్తే తెల్లటి పాలు కారితే అది వదిలేయాలి, గంగవావిలికి పాలు రావు. ఏమాత్రం అనుమానం ఉన్నా రైతుకి చూపించాకే వండండి.

సీజన్ అయ్యాక పొలం వాళ్లు మీకు ఏం నచ్చింది, వచ్చే ఏడాది ఏం కావాలి అని అడుగుతారు. దీనికి మనవాళ్లు బద్ధకించకుండా జవాబు రాయాలి, విత్తనాలు ఆర్డర్ చేసేది చలికాలంలోనే కాబట్టి అప్పుడు రాసిందే వేసవిలో మొలుస్తుంది. పొడవాటి లేత వంకాయలు, మెంతికూర, తోటకూర, ఘాటున్న పచ్చిమిర్చి, ఇవన్నీ ఇక్కడి నేలలో వస్తాయి. నలుగురైదుగురు సభ్యులు కలిసి అడిగితే చిన్న రైతు ఒక సాలు వేయడానికి వెనకాడరు. గోంగూర కావాలంటే వాళ్లకి రోసెల్ అని చెప్పండి, ఆకు కోసం అని కూడా చెప్పండి, లేకపోతే ఎర్ర దొప్పల కోసం అనుకుని 'మా దగ్గర చలి త్వరగా వస్తుంది, కాయదు' అనేస్తారు. ఆకుకైతే ఇక్కడి వేసవి సరిపోతుంది, గ్రీన్‌హౌస్‌లో నారు పోసి, చలి పూర్తిగా పోయాక నాటాలి. విత్తనాలు మీ దగ్గరుంటే ఒక పొట్లం ఫిబ్రవరిలోనే తీసుకెళ్లి ఇచ్చేయండి.